పేరు అడిగిన శుక్రవారం

దోహాలో మేము ఉండే అల్ అజీజియా వీధిలో ఎవరినైనా పిలవాలంటే పేరు తెలియక్కర్లేదు, దేశం తెలిస్తే చాలు. మూలమీది కిరాణా కొట్టు మలబారీది. దాని పక్క మంగలి షాపు పాకిస్తానీది. రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర అఫ్ఘానీ ఉంటాడు. ఏసీ చల్లబడకపోతే నేపాలీ వస్తాడు, కుళాయి కారితే బంగ్లా వస్తాడు. బ్యూటీ పార్లర్లో అమ్మాయిలంతా ఫిలిప్పీన్స్ వాళ్ళు, మా పాప స్కూల్లో లెక్కల మేష్టారు ఈజిప్టు ఆయన, బ్యాంకు గుమ్మంలో యూనిఫాం వేసుకుని నిలబడేది కెన్యా కుర్రాడో ఘనా కుర్రాడో. ఖతారీలు ఎత్తైన గోడల లోపల ఉంటారు. వాళ్ళని చూడాలంటే గేటు తెరుచుకుని కారు బయటికి వచ్చే ఆ కాస్సేపట్లోనే చూడాలి. వాళ్ళ ఊళ్ళో వాళ్ళే తక్కువ. మిగతా అందరం వాళ్ళ ఇళ్ళు కట్టడానికో, ఊడ్వడానికో, వాళ్ళ పళ్ళు బాగు చెయ్యడానికో వచ్చినవాళ్ళం.

పళ్ళ సంగతి ఎందుకన్నానంటే నేను అల్ హిలాల్‌లో ఒక పంటి డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్లో కూర్చుంటాను. అక్కడ నా పేరు బల్లమీద పలక మీద రాసి ఉంటుంది. అయినా వచ్చినవాళ్ళు "ఆ ఇండియన్ని అడుగు" అనే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. కొన్నాళ్ళకి నేనే మా ఆయనతో "ఆ నేపాలీకి ఫోన్ చెయ్యండి, ఏసీ మళ్ళీ గుర్రుమంటోంది" అనడం మొదలుపెట్టాను. ఊరి నీళ్ళు తాగాక ఊరి బుద్ధులు రాకుండా ఉంటాయా?

ఇక ఇండియన్ అన్న మాట కింద ఎవరెవర్ని కలిపేస్తారో అడక్కండి, పిడక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. తెలుగువాళ్ళలోనే మేము రెండు లోకాలం. మాది గోదావరి జిల్లా, మా అమ్మమ్మ కాలం నుంచి క్రైస్తవులం. మావైపు నుంచి, కృష్ణా వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కుదురుకుంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు సైట్లమీద ఎండలో ఉంటారు. వాళ్ళ బస్సులు మా కార్ల పక్కనుంచే వెళ్తాయి, కిటికీ చువ్వల మీద తడి తువ్వాళ్ళు ఆరేసి ఉంటాయి. లోపల మనవాళ్ళే నిద్రపోతూ ఉంటారు. సిగ్నల్ పడితే మా కారూ వాళ్ళ బస్సూ పక్కపక్కనే ఆగుతాయి, అంతవరకే.

దేశాల లెక్క మీద ఇంకో లెక్క కూడా ఉంది. ఫ్యామిలీ, బ్యాచిలర్. పెళ్ళాం పక్కనున్నవాడు ఫ్యామిలీ. పెళ్ళాం ఊళ్ళో ఉన్నవాడు, తల నెరిసినా సరే, కూతురికి పెళ్ళి చేసినా సరే, బ్యాచిలరే. ఫ్యామిలీలుండే వీధుల్లో బ్యాచిలర్లు అద్దెకుండకూడదు. శుక్రవారం సెలవు పూట కొన్ని మాల్స్‌లోకీ, కొన్ని పార్కుల్లోకీ వాళ్ళని రానివ్వరు. పోనీ పెళ్ళాన్ని తెచ్చుకుందామంటే జీతం ఇంత ఉండాలని రూలు, సైటు మీద పనిచేసేవాడికి అంత జీతం ఎవరిస్తారు? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. మాకు ఫ్యామిలీ స్టేటస్ ఉంది కాబట్టి ఒక విల్లా వెనక ఔట్‌హౌస్‌లో రెండు గదులు దొరికాయి.

ఆ ఔట్‌హౌస్ వెనకగోడ అవతల ఇంకో విల్లా. ఆమెని నేను మొదట చూడలేదు, విన్నాను. పొద్దున్నే చెత్తసంచీ పట్టుకుని వెనక సందులో ఉన్న పెద్ద చెత్తడబ్బా దగ్గరికి వెళ్తుంటే ఎవరో పిల్లితో మాట్లాడుతున్నారు.

"మల్ల వచ్చినవా నువ్వు? నిన్ననే గదనే చేప ముల్లు పెట్టిన. ఇయ్యాల ఏం లేదు, పో."

"దోహా పిల్లికి తెలుగొచ్చా అమ్మా?" అన్నాను.

ఉలిక్కిపడి తిరిగింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది, బక్కపలచని మనిషి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఇచ్చే పొడుగు గౌను, తలమీద చున్నీ. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ చివర్లు పగిలిపోయి ఉన్నాయి. నన్ను చూసిన చూపు మాత్రం తప్పిపోయిన పిల్ల తల్లిని చూసినట్టే ఉంది.

"అక్కా, మీరు తెలుగోళ్ళా? ఇన్ని దినాలాయె, ఈ గోడ అవుతల తెలుగు మనిషి ఉన్నదని నాకు ఎర్కనే లేదు."

అలా చెత్తడబ్బా దగ్గర మా స్నేహం మొదలైంది. రోజూ కాస్సేపే, ఆమె పనిచేసే ఇంటి మేడమ్ పిలిచేదాకా. పిల్లలు ఊళ్ళో తన తల్లి దగ్గర ఉన్నారని చెప్పింది. మొగుడు కూడా ఈ దోహాలోనే ఉన్నాడనీ, ఇనప కడ్డీలు వంచి కట్టే పని చేస్తాడనీ, ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపులో ఉంటాడనీ చెప్పింది. చాలా ఏళ్ళ కిందటే వచ్చాడట. ఎప్పుడో ఒకసారి సెలవు మీద ఇంటికొస్తే పిల్లలు కొత్తమనిషిని చూసినట్టు చూసేవారట. ఇక ఇలా కాదని తనే బయల్దేరింది.

"ఏజెంటు యే దేశం పోతవంటే, మా ఆయన ఉన్న దేశమే అన్న. ఒక్క ఊర్లనే ఉంటం గదా, వారం వారం చూస్కోవచ్చు అనుకున్న. ఊర్ల మావోళ్ళకు గల్ఫంత దుబాయే, మేమిద్దరం దుబాయ్‌ల ఒక్క ఇంట్ల ఉంటున్నమనే అనుకుంటరు. వచ్చిన కాన్నుంచి ఆయనను ఒక్కపారి సుత చూడలే అక్కా. ఫోన్ల చూస్తున్న, అంతే. గదే ఫోన్ల ఊర్లకెల్లి సుత చూస్తుంటి గదా."

వినగానే నాకు మొదట వచ్చింది జాలి కాదు, కోపం. ఎవరిమీదో తెలియని కోపం. మొగుడూ పెళ్ళామూ ఒకే ఊళ్ళో, కారెక్కితే సినిమాలో సగం అయ్యేలోపు చేరే దూరంలో ఉండి, అతను బ్యాచిలర్, ఆమె హౌస్‌మెయిడ్. ఇద్దర్నీ కలిపి చెప్పే మాట ఏ కార్డు మీదా లేదు.

ఉపాయం ఆమే చెప్పింది. పనిమనుషుల్లో అది కొత్తదేం కాదని తర్వాత తెలిసింది.

"గుడికి పోత అంటే సెలవియ్యరక్కా. మన గుడి యాడుందో ఎవ్వలకెర్క. చర్చికి పోత అంటే మేడం ఇస్తదట. నాకంటే ముందున్న ఫిలిప్పీన్ పిల్లకు శుక్రారం శుక్రారం ఇచ్చిందట. నేను సుత కిరస్తానీ అని చెప్త. మీరు పోయేటప్పుడు నన్ను జర తోల్కపోరాదు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అదేంటమ్మా, దేవుడి పేరు చెప్పి మొగుణ్ణి కలుసుకోవడమేంటి? మాకు చర్చంటే ఆటగా ఉందనుకున్నావా?"

ఆమె నొచ్చుకోలేదు. పిల్లి వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "మొగడు పెండ్లాం కలుసుకుంటే మీ దేవుడు ఏమన్న అంటడా అక్కా?"

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే "దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు, నువ్వు కార్లో చోటు సంగతి చూడు" అన్నారు. మర్నాడే గేటు దగ్గరికి వెళ్ళి మేడమ్‌తో మాట్లాడాను. ఆవిడ చెడ్డదని చెప్పను. నా మెళ్ళో గొలుసుకున్న శిలువ చూసింది, మా పాప బుగ్గ నిమిరింది, "చర్చి, మళ్ళీ ఇల్లు. ఇంకెక్కడికీ కాదు" అని సెలవిచ్చింది.

మెసైమీర్‌లో చర్చిలన్నీ ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. గేటు దగ్గర సంచులు వెతికి పంపిస్తారు. లోపలికి వెళ్తే శుక్రవారం పూట లోకమంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఒక హాల్లో మలయాళం పాట, పక్క హాల్లో డప్పులు కొడుతూ ఆఫ్రికా వాళ్ళు, మెట్లమీద ఫిలిప్పీన్స్ అమ్మాయిలు జుట్లు దువ్వుకుంటూ, గౌన్లు సర్దుకుంటూ. మా తెలుగు సంఘానికి హాలు గంటల లెక్కనే ఇస్తారు, ఒకరి తర్వాత ఒకరికి. ముందువాళ్ళు కుర్చీలు ఖాళీ చేస్తుంటే మేము లోపలికి దూరిపోతాం, మా ఆఖరి ఆమెన్ అయ్యేసరికి తర్వాతివాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. వీధిలో ఎవరి గోడ వాళ్ళది, అక్కడ మాత్రం ఒకళ్ళ చెమట వాసన ఒకళ్ళకి తెలుస్తుంది. నాకు అదే నచ్చుతుంది.

ఆ మొదటి శుక్రవారం ఆమె మొగుడు మాకంటే ముందే వచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడతలు కనబడే తెల్లచొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచీ. ఎండకి మాడిపోయిన మొహం. ఆమె కారు దిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. సినిమాల్లోలాగా ఏదో జరుగుతుందనుకుని నేను మొహం తిప్పుకున్నాను. ఏమీ జరగలేదు.

"నల్లవడ్డవ్," అంది ఆమె.

"నువ్వు సన్నవడ్డవ్," అన్నాడు అతను.

అంతే. లోపల ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటాం. ఇద్దరి మధ్యా నడిచే దారి. ప్రసంగం జరుగుతున్నంతసేపూ ఆమె చున్నీ అంచు కిందనుంచి అటువైపే చూస్తూ ఉంది, అతను మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తూ ఉన్నాడు. ఆరాధన అయ్యాక పులిహోర పొట్లాలు పంచితే ఇద్దరూ పార్కింగ్ గోడ నీడన కూర్చుని తిన్నారు. అతను ప్లాస్టిక్ సంచీలోంచి చిన్న మందు గొట్టం తీసి ఆమె వేళ్ళకి ఒక్కో వేలికీ రాశాడు. ఆమె ఏదో మేక సంగతి చెబుతోంది, ఈనిందో చచ్చిందో నాకు వినబడలేదు. నేను కారులో ఏసీ వేసుకుని కూర్చుని ఎందుకో ఏడ్చాను.

అప్పట్నుంచి వారం వారం అదే. ఆమె కాలి మెట్టెలు చూసి మా సంఘంలో ఒక పెద్దావిడ "ఎవరమ్మా ఈ అమ్మాయి, ఏ సంఘం?" అని ఆరా తీసింది. "మా వెనకింటి సంఘం" అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఒకరోజు చెత్తడబ్బా దగ్గర అడిగాను. "ఇన్ని రోజులైంది, మీ ఆయన పేరేంటమ్మా?"

నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. "అక్కా, గదేం అడుగుడు? మొగని పేరు తీస్తరా? ఆయుసు తగ్గుతది."

"మరి ఎలా పిలుస్తావు?"

"పిల్వ. ఇగో అంట. పిల్లల నాయినా అంట."

నాకు నవ్వొచ్చింది. "నేనూ ఇంట్లో 'ఏవండీ' అనే అంటాను గానీ, ఆసుపత్రిలో, బ్యాంకులో మా ఆయన పేరు గడగడా చెప్పేస్తాను. ఆయన ఆయుష్షుకి ఏమీ కాలేదు. పొట్ట కూడా పెరిగింది."

"మీది వేరక్కా," అంది నవ్వుతూనే. "మా అవ్వ బియ్యం కార్డు సారుకు సుత చెప్పలే. పక్కింటామెతోని చెప్పిచ్చింది." ఆమెతో నవ్వుతూనే నేనూ ఆ సంగతి వదిలేశాను. అతన్ని 'తమ్ముడూ' అని పిలిచేదాన్ని, అతను నన్ను 'అక్కా' అనేవాడు, మా ఆయన్ని 'బావ' అనేవాడు. వరస కలిశాక పేరుతో పనేముంది, మన దగ్గర ఎప్పుడూ అంతే కదా.

చలికాలం వచ్చింది. దోహాలో మనుషులు బయట కూర్చోగలిగేది ఆ కొద్ది నెలలే. ఒక శుక్రవారం పొద్దున సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది, హాల్లో కరెంటు పనులు జరుగుతున్నాయి, ఈ వారం ఆరాధన లేదని. సందులోకి వెళ్ళి ఆమెకి చెప్పాను. మొహం వాడిపోయింది.

"ఆయన పొద్దుగాలనే బయలెల్లిండక్కా. బస్సుల ఉన్నడు." చెత్తడబ్బా మూత వేసి నా వైపు తిరిగింది. "అక్కా, స్టేడియం దిక్కు పెద్ద పార్కు ఉన్నదంటరు గదా, మస్తు గడ్డి ఉంటదట. ఒక్కపారి గడ్డిమీద కూసుంటం. మీరు ఫ్యామిలీ, మీతోని వస్తే మమ్ముల ఎవ్వలు అడగరు."

అది కూడా ఇక్కడ వాడుకే. శుక్రవారం సాయంత్రాలు పార్కు గేట్ల దగ్గర మనవాళ్ళు నిలబడి ఉంటారు. పిల్లల్తో వచ్చే తెలుగువాళ్ళని చూసి "అక్కా, మీతో వస్తం" అంటారు. ఏ ఇల్లాలో తల ఊపితే ఆమె తమ్ముడైపోయి లోపలికి వెళ్ళి, పచ్చిక చూసి, ఫోటో దిగి, ఊరికి పంపించి వచ్చేస్తారు. ఫ్యామిలీని గొడుగులా అరువు తీసుకోవడమన్నమాట. మా ఆయన సరేనన్నారు. అతన్ని దారిలో ఎక్కించుకుని అయిదుగురం పార్కుకి వెళ్ళాం. గేటు దగ్గర కుర్రాడు మా పాపని చూసి చెయ్యి ఊపాడు, ఎవర్నీ అడగలేదు.

గడ్డి చూసి ఆమె చెప్పులు విడిచేసింది. ఇద్దరూ ఒక బెంచీ పక్కన నేలమీదే కూర్చున్నారు. మా ఆయన చాప తేవడానికి కారు దగ్గరికి వెళ్ళారు, నేను పాపని ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే అతను మందు గొట్టం తీస్తున్నాడు. సంతోషంగా అనిపించింది.

మళ్ళీ చూసేసరికి వాళ్ళ చుట్టూ మనుషులు. పాపని చంకనేసుకుని పరిగెత్తాను. ఎవరో ఫిర్యాదు చేశారట, ఒక బ్యాచిలర్ ఎవరి ఇంటి పనిమనిషినో చెయ్యి పట్టుకున్నాడని. ఆ పొడుగు గౌను చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. వైర్‌లెస్ పట్టుకున్న సూపర్‌వైజర్ ఒకడు అతన్ని దూరంగా దీపస్తంభం దగ్గర నిలబెట్టాడు. ఆమె బెంచీ దగ్గరే ఉంది. ఇద్దరి గుర్తింపు కార్డులూ సూపర్‌వైజర్ చేతిలో ఉన్నాయి. రెండింటిమీదా ఇండియన్ అని ఉంది. ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారో లేదు. అది చెప్పే ఆమె పాస్‌పోర్టు వెనక పేజీ మేడమ్ బీరువాలో ఉంది.

"నా వైఫ్ సార్, నా వైఫ్," అంటున్నాడు అతను హిందీలో. ఆమె పేరు అడిగితే వెంటనే చెప్పాడు, ఇంటి పేరుతో సహా. ఫోన్ తీసి ఫోటో చూపించబోయాడు. "ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి" అన్నాడు సూపర్‌వైజర్. తర్వాత ఆమె దగ్గరికి వచ్చి, హిందీ తెలిసిన ఇంకో గార్డు చేత అడిగించాడు.

"వాడి పేరేంటి?"

ఆమె తల వంచుకుంది.

"నీ భర్త అంటున్నాడు. పేరేంటి?"

చున్నీ మొహం మీదికి లాక్కుంది. దీపస్తంభం దగ్గర్నుంచి అతను తెలుగులో అరిచాడు. "చెప్పవే. ఏం గాదు, చెప్పు." ఆమె పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

నేను వెళ్ళి భుజం పట్టుకుని ఊపాను. "చెప్పమ్మా. ఒక్క మాట. చెప్పేస్తే అయిపోతుంది."

"గిప్పుడా అక్కా?" అంది నా చెవిలో. "పోలీసోళ్ళ చేతిల ఉన్నప్పుడు తీస్తే ఆయనకేమైతదో."

నేను సూపర్‌వైజర్ వైపు తిరిగాను. వాళ్ళిద్దరూ భార్యాభర్తలని, నాకు తెలుసని, అతను నాకు తమ్ముడని ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. అతను నా వైపు ప్రశాంతంగా చూశాడు. "అలాగా మేడమ్. మీ తమ్ముడి పేరేంటి?"

చాప చంకలో పెట్టుకుని అప్పుడే వచ్చిన మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ఇన్ని శుక్రవారాలు ఒకే హాల్లో కూర్చున్నాం, ఒకే పులిహోర తిన్నాం.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరని, అది పద్ధతని, చెబితే ఆయుష్షు తగ్గుతుందని నమ్ముతారని చెప్పాను. హిందీ చెప్పే గార్డు వైపు తిరిగి "ఇండియాలో అలా ఉందా?" అని అడిగాడు సూపర్‌వైజర్. ఆ గార్డు మంచివాడే, అబద్ధం చెప్పలేదు. "నేనూ ఇండియన్నే సార్. మా అమ్మ మా నాన్నని పేరు పెట్టే పిలుస్తుంది," అన్నాడు. అదీ అయిపోయింది. మనదేశం ఒకటే కదా వాళ్ళ లెక్కలో, ఒకడికి లేని పద్ధతి ఇంకొకడికి ఎలా ఉంటుంది?

సూపర్‌వైజర్ లెక్క తేలికగా తేలింది. వాడికి ఈమె పేరు తెలుసు, ఈమెకి వాడి పేరు తెలియదు. అంటే వాడు వెంటబడుతున్నవాడు, ఈమె భయపడి మాట్లాడలేకపోతోంది. అతను ఆమెని కాపాడుతున్నాననే అనుకున్నాడు. నిజంగానే ఆమెకో కుర్చీ తెప్పించాడు, మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది, ఆ నీళ్ళసీసా చూశాక ఎవర్ని కొట్టాలో తెలియలేదు.

పోలీసు కారు వచ్చింది. ఎవరూ అరవలేదు, ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అతను కారెక్కుతూ నాతో అన్నాడు. "అక్కా, ఆమెను ఇంటికాడ దించుండ్రి. ఏడువద్దని చెప్పుండ్రి."

దించే అవసరం రాలేదు. కార్డుమీద యజమాని వివరాలుంటాయిగా, మేడమ్‌కి ఫోన్ వెళ్ళింది. డ్రైవర్‌తో వచ్చింది. ఆమెని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చి "నువ్వు చర్చి అన్నావు" అంది, అంతే. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఈ రోజు చర్చి లేదని ఆవిడకి ఏ మొహంతో చెప్పను?

మర్నాటినుంచి చెత్తసంచీ డ్రైవర్ తెచ్చి పడేసేవాడు. పిల్లి వచ్చి కూర్చుని వెళ్ళిపోయేది. క్లినిక్కులో ఎవరైనా "ఆ ఇండియన్ని అడుగు" అంటే నేను నా పేరు బల్లమీది పలక వాళ్ళ మొహం దగ్గరికి జరిపి చూపించేదాన్ని. డాక్టరుగారు ఒకసారి మందలించారు. ఇంట్లో మా ఆయన "స్టేషన్లో కనుక్కుందామా" అంటే "ఏమని కనుక్కుంటారు? ఇండియన్, బక్కగా ఉంటాడు, తెల్లచొక్కా అనా?" అని ఆయనమీద విరుచుకుపడ్డాను. ఆ ఇండస్ట్రియల్ ఏరియాలో అలాంటి మనిషి లేని బస్సు ఉంటుందా?

తర్వాత ఒక పొద్దున గోడ అవతల బట్టలు ఆరేస్తున్న చప్పుడు వినబడింది. కుర్చీ వేసుకుని ఎక్కాను. ఆమే. నన్ను చూసి తీగ దగ్గరనుంచి గోడ కిందికి వచ్చి నిలబడింది. మనిషి ఇంకా చిక్కింది.

"నా ఫోన్ మేడం దగ్గరనే ఉన్నదక్కా. ఆయన యాడున్నడో జర కనుక్కోరాదు?"

"ఎలా కనుక్కోనమ్మా?" అన్నాను. నా గొంతులో కసురు నాకే తెలుస్తోంది. "కంపెనీ పేరు తెలియదు, అతని పేరూ తెలియదు. నేను ఎవర్ని అడగను, ఏమని అడగను?"

ఆమె చేతిలో తడిదుప్పటి ఉంది. దాన్ని పిండింది, విదిలించింది, మళ్ళీ పిండింది. ఇంటి కిటికీ వైపు ఒకసారి చూసింది. తర్వాత తలెత్తి నా మొహంలోకి చూస్తూ కంపెనీ పేరు చెప్పింది. ఆగింది. కళ్ళు మూసుకుని, ఇంటిపేరూ పేరూ, రెండూ చెప్పింది. పెదవులు గట్టిగా తుడుచుకుని దుప్పటి తీగమీద వేసి లోపలికి వెళ్ళిపోయింది.

పేరు దొరికాక పని ఒక్క పూటలో అయిపోయింది. మా ఆయన ఆఫీసులో ఎవరికో ఆ క్యాంపు బాస్ తెలుసు. పోలీసులు అతన్ని త్వరగానే వదిలేశారట. కంపెనీకే అక్కర్లేకపోయాడు. స్టేషన్ గొడవ ఉన్నవాడు మాకొద్దని వీసా క్యాన్సిల్ చేసి, టికెట్ కొట్టి, సామాను సర్దుకోమని విమానం ఎక్కించేశారు. ఆమె నాకు పేరు చెప్పేసరికే అతను ఊళ్ళో ఉన్నాడు. క్యాంపులో అతని గది మనిషి ఊరి నంబరు ఇస్తే ఫోన్ చేశాను. "ఎట్లున్నదక్కా?" అన్నాడు ముందే. తర్వాత "ఊర్ల అందరు అడుగుతున్నరు, పెండ్లాన్ని దుబాయ్‌ల ఇడిచిపెట్టి నువ్వొక్కనివి ఎందుకొచ్చినవ్ అని. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు. ఆమె కాంట్రాక్టు అయ్యేదాకా ఆమెని పంపరు. అతనికి మళ్ళీ ఈ దేశం వీసా ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. ఆమె అతని కోసం వచ్చిన దేశంలో ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది.

ఆమె మళ్ళీ పెరట్లోకి వచ్చేదాకా కాచుకుని కూర్చున్నాను. కుర్చీ ఎక్కి చెప్పాను. "క్షేమంగా ఉన్నాడు. ఇంటికెళ్ళిపోయాడు. కంపెనీ వాళ్ళు పంపించేశారు."

బట్టల క్లిప్పులు ఒక్కోటే బుట్టలో వేస్తోంది.

"నేను పేరు తీసినందుకేనా అక్కా?"

నా కోపమంతా అక్కడే చచ్చిపోయింది. నువ్వు చెప్పకముందే వెళ్ళిపోయాడమ్మా అనబోయాను. ఆ మాట అంటే మరి ఎందుకు పంపించారని అడుగుతుంది. ఆ శుక్రవారం నువ్వు ఆ ఒక్క మాట అనుంటే అతను ఇక్కడే ఉండేవాడని నేను ఈ గోడమీదనుంచి ఎలా చెప్పను?

"కాదమ్మా," అన్నాను. "సైటు పని అయిపోయిందట. చాలామందిని పంపేశారట."

నమ్మిందో లేదో తెలియదు. లోపలనుంచి మేడమ్ పిలుపు వినబడింది. బుట్ట ఎత్తుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నేను తీసిన్నని ఆయనకు చెప్పకక్కా," అంది.

చెప్పనన్నాను. అతనికి చెప్పలేదు, ఇక్కడా రాయడం లేదు.